మరపున పడిన మందు: యూరోట్రోపిన్ చరిత్ర



ఛందస్సు, నిఘంటువులు, పాత పత్రికలు... వీటిని దాటి ఈ పుటలలో నేను సాధారణంగా అడుగు బయట పెట్టను. ఈసారి వైద్యచరిత్రలోకి వెళుతున్నాను. కారణం చెబుతాను. నా దగ్గర పదవ తరగతి వరకు తెలుగు చదువుకొన్న అమ్మాయి ఒకతె ఇప్పుడు పరదేశంలో డాక్టరేటుకు పరిశోధన చేస్తున్నది. యాంటీబయాటిక్కులు వాడకుండా మూత్రనాళ సంక్రమణాన్ని తగ్గించగలమా, మళ్ళీ మళ్ళీ రాకుండా ఆపగలమా అన్నది ఆమె తీసుకొన్న ప్రశ్న. తాను చేసే పని ఊళ్ళో ఉన్న అమ్మకు అర్థం కావాలని రెండు పుటలు తెలుగులో వ్రాసి, "టీచరుగారూ, మాటలు సరిచూడండి" అని పంపింది. మాటలు సరిచూస్తూ నేనొక ప్రశ్న వేశాను. "యాంటీబయాటిక్కులు పుట్టకముందు ఈ జబ్బుకు ఏమిచ్చేవారమ్మా?" జవాబుగా ఆమె ఒక వ్యాసాల కట్ట పంపింది. రెండు నెలలు కూర్చుని చదివాను. అందులో నాకు కనబడిన చరిత్ర ఇది. కొత్త చికిత్సలంటూ నేడు పరిశోధిస్తున్నవాటిలో ముఖ్యమైనది పందొమ్మిదవ శతాబ్దపు మందు. అది ఓడిపోయి వెళ్ళిపోలేదు. మనమే దానిని మరచిపోయాము.

ముందుగా రోగాన్ని గురించి నాలుగు మాటలు. మన పూర్వవైద్యులు దీని లక్షణాన్ని మూత్రకృచ్ఛ్రమన్నారు. కృచ్ఛ్రమంటే కష్టం. చరకసంహిత దానిని ఎనిమిది విధాలుగా విభజించింది. సుశ్రుతసంహితలో ఉత్తరతంత్రమందు దానికి వేరే అధ్యాయమే ఉన్నది. అయితే ఆ ఎనిమిదింటిలో రాళ్ళవల్ల కలిగే బాధ కూడ ఉన్నది కాబట్టి, మూత్రకృచ్ఛ్రమంతా నేటి ఇన్‌ఫెక్షనే అనడం సరికాదు. వారు దోషాలను బట్టి లెక్కించారు, క్రిములను చూచి కాదు. ఇళ్ళలో ఆడవాళ్ళు ఇంత సంస్కృతం మాట్లాడరు. "ఒంటికి పోతే మంట" అని గొంతు తగ్గించి చెప్పుకొంటారు, అదీ వంటింట్లో.

క్రిమి సంగతి తెలిసినది 1885లో. థియొడోర్ ఎషెరిష్ అనే వైద్యుడు పసిపిల్లల పేగులలోని బాక్టీరియాలను పరిశీలిస్తూ ఒకదానిని వర్ణించాడు. అదే తరువాత ఆయన పేరుమీద ఎషెరిషియా కోలై అయింది. మామూలుగా ఈ. కోలై అంటున్నాము. పేగులో ఉన్నంతకాలం అది చాలావరకు సాధుజీవి. దారి తప్పి మూత్రమార్గం గుండా మూత్రాశయంలోకి ఎక్కితే మంట, మాటిమాటికి వెళ్ళవలసి రావడం, పొత్తికడుపు నొప్పి. స్త్రీలలో ఆ మార్గం పొట్టిది కనుక బాధ ఎక్కువగా వారిదే. సుమారు సగంమంది స్త్రీలు జీవితంలో ఒక్కసారైనా దీని పాలబడతారని వైద్యుల లెక్క. కొందరికి ఏడాదికి మూడు, నాలుగు సార్లు తిరగబెడుతుంది. అది మూత్రపిండాలదాకా ప్రాకితే జ్వరం, చలి, నడుము పక్కన నొప్పి. అక్కడినుండి రక్తంలోకి పోతే ప్రాణానికే ముప్పు.

ఇక మందు కథ. 1859లో రష్యా రసాయనవేత్త అలెగ్జాండర్ బుట్లెరోవ్ ఒక తెల్లని స్ఫటికపదార్థాన్ని తయారుచేశాడు. ఫార్మాల్డిహైడ్, అమ్మోనియా కలిస్తే వచ్చే పదార్థమది. పేరు హెక్సమీన్. ఫార్మాల్డిహైడ్ అంటే మనకు తెలియనిది కాదు. బడిలో సైన్సుగది అలమరలో కప్పనూ పామునూ వేసి ఉంచే సీసాలో నీళ్ళున్నాయే, ఆ ఫార్మలిన్ దానితో చేసినదే. దానిలో పడ్డ ఏ జీవకణమూ బ్రతకదు. అందుకే దానిని నేరుగా మందుగా మ్రింగడం ఊహకందని మాట.

ఇక్కడ ఆర్తూర్ నికొలాయర్ రంగంలోకి వస్తాడు. 1862లో పుట్టిన జర్మను యూదు వైద్యుడు. గ్యోటింగెన్‌లో విద్యార్థిగా ఉన్నప్పుడే, 1884లో, తోటమట్టిని జంతువుల శరీరంలోకి ఎక్కించి వాటికి ధనుర్వాతం రావడం చూపి, దానికి కారణమైన క్రిమిని కనిపెట్టాడు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్ళు. ధనుర్వాతమీద చేసిన ఆ పనే ఆయన డాక్టరేటు సిద్ధాంతవ్యాసం. ఇంత చేసినవాడు పదేళ్ళ తరువాత, 1894, 95 సంవత్సరాలలో, హెక్సమీన్‌ను రోగులకిచ్చి చూచాడు. మొదట ఆయన దృష్టి యూరిక్ ఆమ్లపు రాళ్ళమీద ఉన్నది. పరిశీలించగా ఆ మందు మూత్రంలోని బాక్టీరియాను అణచగలదని తేలింది. బెర్లిన్‌లోని షేరింగ్ సంస్థ దానిని యూరోట్రోపిన్ అన్న పేరుతో అమ్మింది. మూత్రమార్గానికి నోటిద్వారా ఇచ్చే క్రిమినాశక మందులలో లోకమంతా పేరు పొందిన తొలి మందులలో ఇది ఒకటి.

అది పనిచేసే తీరు నాకు చాల నచ్చింది. మన ప్రహేళికలలో శ్లోకానికి తాళం వేసి తాళంచెవి చివరిపాదంలో దాచినట్లుగా, ఈ మాత్ర తనలోని విషాన్ని బంధించి పెట్టుకొని శరీరమంతా తిరుగుతుంది. రక్తంలో ఆమ్లగుణం లేదు కాబట్టి అక్కడ కట్టు విప్పుకోదు. రక్తంనుండి మూత్రపిండాలు దానిని వడకట్టి మూత్రంలోకి వదలుతాయి. మూత్రం పుల్లగా, అనగా ఆమ్లంగా, ఉంటే అక్కడ మాత్రం నెమ్మదిగా విడిపోయి ఫార్మాల్డిహైడ్‌ను విడుదల చేస్తుంది. ఎక్కడ క్రిమి ఉన్నదో అక్కడే విషం పుడుతుంది. మిగిలిన దేహానికి సోకదు. ఫార్మాల్డిహైడ్ క్రిమిలోని ఏదో ఒక్క భాగాన్ని కాక దాని ప్రోటీన్లనన్నిటినీ గట్టిపరచి పాడుచేస్తుంది. అందువల్ల తప్పించుకొనే ఉపాయం బాక్టీరియాకు దొరకలేదు. ఇంతకాలం వాడినా దీనికి నిరోధకశక్తి పెంచుకొన్న బాక్టీరియాలు వైద్యులకు ఒక సమస్య కాలేదు.

లోపాలు లేవా? ఉన్నాయి. మూత్రం ఆమ్లంగా లేకపోతే తాళం తెరచుకోదు. ప్రోటియస్ అనే బాక్టీరియా యూరియాను విరిచి మూత్రాన్ని క్షారంగా మారుస్తుంది. అక్కడ ఈ మందు వ్యర్థం. కట్టు విప్పుకోవడానికి సమయం కావాలి కనుక, గొట్టం పెట్టి మూత్రం ఎప్పటికప్పుడు బయటికి పోయే రోగికి ఉపయోగం తక్కువ. మూత్రపిండాల కండలో దాగిన క్రిమిని చేరలేదు. ఖాళీ కడుపులో ఉన్న ఆమ్లమే దానిని ముందుగా విప్పితే కడుపులో మంట. ఇవన్నీ ఆనాటి వైద్యులు క్రమంగా గ్రహించినవే.

గ్రహించడానికి ముందు చేసిన అతి కూడ తక్కువ కాదు. కొత్త మందు వస్తే సర్వరోగనివారిణి అనడం మన ఊరి సంతలోనే కాదు, అన్ని దేశాలలోనూ ఉన్నదే. టైఫాయిడ్ రోగుల మూత్రంలోని క్రిములను తొలగించడానికి ఇచ్చారు, అది సబబే. కాని మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి ఈ మందు చేరుతుందని అమెరికాలో 1908 ప్రాంతాన గుర్తించిన తరువాత, మెదడువాపు జబ్బులకు, పోలియోకు కూడ ఇచ్చి చూచారు. అక్కడ ఆమ్లం లేదు గనుక ఫార్మాల్డిహైడ్ పుట్టదు. మందు వెళ్ళింది కాని పని జరగలేదు. మందు చేరడం వేరు, మందు పనిచేయడం వేరు అన్న పాఠం ఖరీదుగానే నేర్చుకొన్నారు.

1930ల మొదటి సంవత్సరాలలో మరొక దారి తెరచుకొన్నది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో మూర్ఛరోగం ఉన్న పిల్లలకు పిండిపదార్థాలు బాగా తగ్గించి, కొవ్వు ఎక్కువగా ఉన్న ఆహారం ఇచ్చేవారు. ఆ ఆహారం తీసుకొన్నవారి మూత్రం త్వరగా చెడిపోవడం లేదని కనిపెట్టి, 1931 నుండి మూత్రసంక్రమణాలకు అదే ఆహారం పెట్టి చూచారు. కొందరికి నయమైంది. వెన్న, మీగడ తిని మంట తగ్గించుకోవడమన్నమాట. పథ్యమంటే కోతలే తెలిసిన మనకు వింతగా ఉంటుంది. అయితే ఆ ఆహారం ఎవరికీ చాలాకాలం సహించేది కాదు. 1933లో ఇంగ్లండులో ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞుడు అందులోని రహస్యం బీటా హైడ్రాక్సీబ్యుటిరిక్ ఆమ్లమని తేల్చాడు. శరీరంలో కొవ్వు కరగినప్పుడు పుట్టి మూత్రంలోకి వచ్చేది అదే.

మరి ఆ ఆమ్లాన్ని మాత్రగా ఇస్తే? శరీరం దానిని జీర్ణించుకొంటుంది, మూత్రందాకా రానివ్వదు. అదేవిధంగా క్రిములను అణచుతూ, శరీరంలో మార్పు చెందకుండ బయటికి వచ్చే మరొక ఆమ్లం కావాలి. లండన్‌లో మాక్స్ రోజెన్‌హైమ్ అనే యువవైద్యుడు వెతికి వెతికి 1935లో మాండెలిక్ ఆమ్లాన్ని పట్టుకొన్నాడు. జర్మను భాషలో మాండెల్ అంటే బాదం. చేదు బాదంలోని పదార్థంనుండి మొదట తీసినది కాబట్టి ఆ పేరు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఏడు. ఆయనే తరువాత లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్‌కు అధ్యక్షుడై, లార్డ్ రోజెన్‌హైమ్ అనిపించుకొన్నాడు. మూర్ఛకు పెట్టిన పథ్యంనుండి మూత్రరోగపు మందుదాకా, మూడు దేశాల వాసన కలిసిన ఈ తర్కపు మెట్లు చూస్తే, ఒక పద్యానికి అన్వయం కుదిరినప్పటి సంతోషం కలిగింది నాకు.

కాని కాలం మరొక కార్డు వేసింది. అదే 1935లో జర్మనీలో గెర్హార్ట్ డోమాక్ ప్రోంటోసిల్ ఫలితాలను ప్రకటించాడు. సల్ఫా మందుల యుగం మొదలైంది. వెంటనే పెనిసిలిన్, స్ట్రెప్టోమైసిన్. 1948లో ఆరియోమైసిన్. ఈ చివరిదానిని మట్టిలోని జీవినుండి తీసినవాడు బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధన జరిగిన లెడర్లే ప్రయోగశాలలకు పరిశోధనాధిపతి మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. నికొలాయర్ యూరోట్రోపిన్ గురించి వ్రాసిన సంవత్సరమే సుబ్బారావుగారి జన్మసంవత్సరం. ఆరియోమైసిన్ లోకానికి తెలిసిన ఏడే, 1948 ఆగస్టులో, ఆయన కన్నుమూశారు. చావు తప్పదనుకొన్న సంక్రమణాలనుండి యాంటీబయాటిక్కులు కోట్లమందిని కాపాడాయి. ఆ గొప్పతనాన్ని తగ్గించే ఉద్దేశం ఈ వ్యాసానికి లేదు. పొంగుతున్న నదికి ఒడ్డున ఉన్న చలమలు కనబడవు, అంతే. యూరోట్రోపిన్ పనిచేయదని ఎవరూ నిరూపించలేదు. దాని ప్రశ్నలను మధ్యలో వదలి, వేగంగా పనిచేసే మందువైపు అందరూ నడిచారు. 1960లలో దానిని హిప్పురిక్ ఆమ్లంతో జత చేసి మెథెనమిన్ హిప్పురేట్‌గా తెచ్చారు. (హిప్పోస్ అంటే గ్రీకులో గుర్రం. 1829లో లీబిగ్ గుర్రపు మూత్రంలో ఆ ఆమ్లాన్ని చూచి ఆ పేరు పెట్టాడు. నామశాస్త్రం నన్ను వదలదు, క్షమించాలి!) స్కాండినేవియా దేశాలలో వాడుకలో నిలిచింది. మిగిలినచోట్ల పుస్తకాల అడుగున మిగిలింది.

నికొలాయర్ ఏమయ్యాడు? ధనుర్వాత క్రిమిని చూపినవాడు, లక్షలమంది మంటను చల్లార్చిన మందును ఇచ్చినవాడు, బెర్లిన్‌లో ముసలితనం గడుపుతున్నాడు. యూదుడన్న ఒక్క కారణంగా నాజీ ప్రభుత్వం ఆయనను తెరెసియెన్‌స్టాట్ నిర్బంధశిబిరానికి తరలించబోయింది. ఆ బండి ఎక్కకముందే, 1942 ఆగస్టులో, ఎనభయ్యవ ఏట ఆయన తన ప్రాణం తానే తీసుకొన్నాడు. మందు మరపున పడడానికి ఆయన మరణం కారణమని నేననడం లేదు. రెండు మరపులూ ఒకే దశకంలో జరిగాయని మాత్రం చెప్పకుండ ఉండలేకపోతున్నాను.

ఇప్పుడు నది తగ్గింది. ఎందుకు తగ్గిందో తెలుగువారు తెలుసుకోవడం మరీ అవసరం. 2007లో స్వీడన్ పరిశోధకులు ఒక వ్యాసం ప్రకటించారు. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో, సుమారు తొంభై మందుల తయారీ కేంద్రాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే చోట, శుద్ధి అయి బయటికి వస్తున్న నీటిని పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాములవరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నది. కొన్ని బాక్టీరియాలకు విషమయ్యే మోతాదుకంటె అది వెయ్యిరెట్లు మించినది. ఆ సిప్రోఫ్లాక్సాసిన్ దేనికి వాడే మందు? అనేక జబ్బులతోపాటు మూత్రసంక్రమణానికి. మందు తయారయ్యేచోటనే మందును ఓడించే క్రిములు తర్ఫీదు పొందే ఏర్పాటు!

రెండవ సంగతి. 2008లో, భారతదేశంలో మూల కుటుంబం ఉన్న స్వీడన్ పౌరుడొకరు ఢిల్లీలో ఆసుపత్రిపాలై తిరిగి వెళ్ళాడు. ఆయన మూత్రంలో దొరికిన క్లెబ్సియెల్లా బాక్టీరియాకు కార్బపెనెమ్ వంటి చివరివరుస మందులు కూడ లొంగలేదు. దానికి ఆ శక్తినిచ్చే ఎంజైమును 2009లో వర్ణించి, న్యూఢిల్లీ పేరు కలిపి ఎన్‌డిఎం-1 అన్నారు. ఆ పేరుమీద మనవారు అభ్యంతరం చెప్పారు. పేరు సంగతి ఎలా ఉన్నా, మొట్టమొదట పట్టుబడినది ఒక మూత్రసంక్రమణంలో అన్నది గమనించవలసినది. పదేపదే తిరగబెట్టే ఈ రోగానికి నెలల తరబడి ప్రతిరాత్రి ఒక యాంటీబయాటిక్ మాత్ర వేయడం ఎప్పటినుండో అలవాటు. ఒక స్త్రీకి మంట తగ్గుతుంది. ఆమె పేగులోని బాక్టీరియాలు మాత్రం మందు రుచి మరుగుతాయి.

అందుచేతనే పాత చలమలను తవ్వడం మొదలైంది. అయితే ఈసారి తవ్వకానికి ఒక నియమం పెట్టుకొన్నారు. "మా అమ్మమ్మ చెప్పింది", "మా ప్రొఫెసరు చెప్పాడు" అన్న ఆప్తవాక్యం చాలదు. రోగులను చీటీ వేసినట్లు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు మందు, మరొక జట్టుకు ఉత్తుత్తి మాత్రయో పాత మందో ఇచ్చి, ఏడాదిపాటు లెక్క వ్రాయాలి. మన న్యాయశాస్త్రంలో పూర్వపక్షం చెప్పకుండ సిద్ధాంతం చెప్పనట్లే. ఈ పరీక్షలో ఎవరు నిలిచారో, ఎవరు నిలువలేదో చూద్దాము.

క్రాన్‌బెర్రీ అనే ఉత్తరఅమెరికా పుల్లపండు రసం. అది తింటే మూత్రం ఆమ్లంగా మారుతుందని 1914లో బ్లాదర్‌విక్ వ్రాశాడు. 1994లో అమెరికాలో 153మంది వృద్ధస్త్రీలమీద జరిగిన పరీక్షలో మూత్రంలో చీముతో కూడిన బాక్టీరియా తగ్గింది. 2012లో కాక్రేన్ సమీక్షకులు అన్ని పరీక్షలనూ కలిపి లాభం అంతగా లేదన్నారు. 2023లో 50 పరీక్షలు, 8,857మంది లెక్కలు చేరాక అదే సమీక్ష మాట మార్చుకొన్నది. పదేపదే వచ్చే స్త్రీలలో ముప్పు 26 శాతం, పిల్లలలో 54 శాతం తగ్గిందని తేల్చింది. గర్భిణులకు, వృద్ధాశ్రమాలలో ఉన్నవారికి లాభం కనబడలేదు. పైగా కారణం ఆమ్లగుణం కాదు, బాక్టీరియా మూత్రాశయపు గోడకు అతుక్కోకుండ చేసే పదార్థాలని ఇప్పటి అభిప్రాయం.

మానోజ్ అనే చక్కెర కథ దీనికి తారుమారు. ఈ. కోలై తన సన్నని నూలుపోగులతో కణాలమీది మానోజ్‌ను పట్టుకొని వ్రేలాడుతుందని 1977లో ఓఫెక్, మిరెల్మన్, షారన్ చూపారు. అయితే డి-మానోజ్ త్రాగిస్తే క్రిమి దానినే పట్టుకొని బయటికి కొట్టుకొనిపోవాలి గదా! ఎంత అందమైన తర్కం. ఆ పొడిని దుకాణాలలో విరివిగా అమ్మారు. 2024లో బ్రిటన్‌లో 598మంది స్త్రీలమీద ఆరునెలల పరీక్ష ఫలితం వచ్చింది. డి-మానోజ్ తీసుకొన్నవారిలో 51 శాతానికి, ఉత్తుత్తి పొడి తీసుకొన్నవారిలో సుమారు 56 శాతానికి మళ్ళీ అనుమానిత సంక్రమణం వచ్చింది. ఆ తేడా లెక్కకు నిలిచేది కాదు. అందం ఒడ్డున మిగిలింది.

ముట్లుడిగిన స్త్రీలకు యోనిమార్గంలో పూసే ఈస్ట్రోజెన్ లేపనం గట్టిగా నిలిచింది. 1993లో రాజ్, స్టామ్ అనే వైద్యులు 93మందిమీద చేసిన పరీక్షలో, లేపనం వాడినవారికి ఏడాదికి సగటున 0.5 సార్లు, వాడనివారికి 5.9 సార్లు జబ్బు చేసింది. ఆ వయస్సులో తగ్గిన మేలైన బాక్టీరియాలు తిరిగి చేరి, చెడ్డవాటికి చోటులేకుండ చేయడమే ఇందులోని కీలకం. మంట వచ్చినప్పుడు యాంటీబయాటిక్‌కు బదులు నొప్పిమాత్ర ఐబూప్రోఫెన్ ఇచ్చి చూచిన జర్మనీ పరీక్ష 2015లో వచ్చింది. 494మంది స్త్రీలు పాల్గొన్నారు. ఐబూప్రోఫెన్ జట్టులో మూడింట రెండువంతులమంది యాంటీబయాటిక్ లేకుండానే కోలుకొన్నారు. కాని బాధ ఎక్కువరోజులు ఉన్నది, మూత్రపిండాలకు ప్రాకినవారి సంఖ్య కొద్దిగా పెరిగింది. అంటే ఊరక ఇచ్చిన వరం కాదు.

ఇక నీళ్ళు. 2018లో ప్రకటితమైన బల్గేరియా పరీక్షలో, నీళ్ళు తక్కువ త్రాగే అలవాటుండి జబ్బు తిరగబెడుతున్న 140మంది స్త్రీలను తీసుకొన్నారు. సగంమందిని రోజుకు ఒకటిన్నర లీటరు అదనంగా త్రాగమన్నారు. ఏడాదిలో త్రాగినవారికి సగటున 1.7 సార్లు, త్రాగనివారికి 3.2 సార్లు వచ్చింది. ఇది చదివినప్పుడు నేను పుస్తకం ప్రక్కన పెట్టాను. నేను పనిచేసిన బడులలో ఒకచోట ఆరువందలమంది పిల్లలుండగా ఆడపిల్లలకు తలుపున్న మరుగుదొడ్డి ఒక్కటి లేదు. పొద్దున తొమ్మిదికి వచ్చిన పిల్ల సాయంత్రందాకా నీటిచుక్క ముట్టేది కాదు, ముడితే వెళ్ళవలసి వస్తుందని. మా ఉపాధ్యాయినులమూ అంతే. "మంచినీళ్ళు త్రాగరేమే?" అంటే నవ్వి తల వంచుకొనేవారు. కొందరు నెలకు రెండురోజులు బడి మానేవారు. అందరికీ కారణం ఒకటే కాకపోవచ్చు. కాని ఆ సీసామందుకంటె ముందు ఆ పిల్లలకు కావలసినది ఒక గది, ఒక తలుపు, ఒక గడియ. యాంటీబయాటిక్ లేని చికిత్సల జాబితాలో దానిని ఏ పరిశోధకులైనా వ్రాస్తారో లేదో గాని, నేను మాత్రం మొదటి వరుసలో వ్రాస్తాను.

చివరకు మన యూరోట్రోపిన్. 2012లో కాక్రేన్ సమీక్ష 13 పరీక్షలను చూచి, ఉపయోగం ఉండవచ్చు, పెద్దపరీక్షలు కావాలి అన్నది. అలాంటిదొకటి బ్రిటన్‌లో జరిగింది. ఆల్టార్ అని దాని పేరు. పదేపదే జబ్బు పడుతున్న 240మంది స్త్రీలలో ఒక జట్టుకు రోజూ తక్కువ మోతాదు యాంటీబయాటిక్, మరొక జట్టుకు రోజుకు రెండుపూటలా మెథెనమిన్ హిప్పురేట్. పన్నెండు నెలల లెక్క 2022 మార్చిలో వచ్చింది. యాంటీబయాటిక్ జట్టుకు ఏడాదికి సగటున 0.89 సార్లు, మెథెనమిన్ జట్టుకు 1.38 సార్లు. తేడా అరసారి. పరీక్షకు ముందుగానే వైద్యులు, రోగులు కలిసి "ఒకసారి తేడావరకు సమానమే అనుకొందాము" అని గీత గీసుకొన్నారు. దానికి లోబడే ఉన్నది. జ్వరంతో కూడిన సంక్రమణాలు మెథెనమిన్ జట్టులో కొన్ని కనబడ్డాయి కాబట్టి, ఇది అందరికీ కళ్ళుమూసుకొని ఇవ్వవలసినది కాదు. అయినా 2024 డిసెంబరులో ఇంగ్లండులో వైద్యమార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ దీనిని యాంటీబయాటిక్‌కు ప్రత్యామ్నాయంగా పరిశీలించవచ్చునని చేర్చింది. నికొలాయర్ వ్యాసం వచ్చిన 129 సంవత్సరాలకు.

ఈ చరిత్ర నాకు చెప్పిన మాట ఇదీ. పాతది కాబట్టి గొప్పది అనడానికి మానోజ్ అడ్డు వస్తుంది, అది పాతది కాకపోయినా, తర్కం అందంగా ఉంటే చాలదని చెబుతుంది. కొత్తది కాబట్టి గొప్పది అనడానికి యూరోట్రోపిన్ అడ్డు వస్తుంది. మన పల్లేరుకాయ కషాయాన్ని, బార్లీనీటిని వెక్కిరించేవారికీ, వాటికి పరీక్ష అక్కరలేదనేవారికీ ఒకటే సమాధానం. నికొలాయర్ మందు పదిమంది నాలుకలమీద నిలిచి తిరిగి రాలేదు, 240మంది స్త్రీలు ఏడాదిపాటు తమ బాధను తేదీలతో సహా వ్రాసిపెట్టినందువల్ల వచ్చింది. వారి పేర్లు మనకు తెలియవు. శాసనాలలో రాజు పేరుండి, రాయి చెక్కినవాని పేరు లేనట్లే.

డాక్టరేటు వ్యాసాలలో మొదటి అధ్యాయం పూర్వపరిశోధనల సమీక్ష. చాలమంది దానిని మొక్కుబడిగా వ్రాసి ముందుకు పోతారు. ఈ విషయంలో మాత్రం ఆ మొదటి అధ్యాయంలోనే మందు దాగి ఉన్నది. పాత వ్యాసం తెరచి, "ఇది ఎందుకు ఆగిపోయింది? ఓడిందా, వదలివేశారా?" అని అడిగినవారికే అది దొరికింది. వైద్యంలోనే కాదు, భాషలోనూ, వ్యవసాయంలోనూ, నేతలోనూ ఈ ప్రశ్న అడుగవలసినవి ఎన్ని ఉన్నాయో మీరే ఆలోచించండి.

ఒక హెచ్చరిక. ఇది చరిత్రవ్యాసం, మందుల చీటీ కాదు. జ్వరం, చలి, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉన్నా, గర్భిణి అయినా, చిన్నపిల్లలైనా ఆలస్యం చేయక వైద్యుని చూడాలి. అప్పుడు యాంటీబయాటిక్ ప్రాణదాత. దానిని ఆ రోజుకు దాచుకోవడానికే మిగతా దారులన్నీ. మీ ప్రాంతంలో ఈ బాధకు వాడే మాటలు, మీ ఇళ్ళలోని పెద్దలు చెప్పిన మందులు తెలిస్తే వ్యాఖ్యగా వ్రాయగలరు. ముఖ్యంగా ఆడవారు. ఇంతకాలం వంటింట్లో గొంతు తగ్గించి చెప్పుకొన్నది ఇకనైనా పైకి చెప్పుకొందాము.

స్వస్తి.